‘రాలేదు’ అన్న మాటని రిజిస్టరులోంచి తీసేద్దాం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి స్క్రీనింగ్ చేసే చోట ఎక్కడైనా రిజిస్టరు తెరిచి చూడండి. పేరు, వయసు, ఫోను, శాంపిల్ తీసిన తేదీ, రిజల్టు అన్నీ వరసగా ఉండి, చివర ‘రిమార్క్స్’ అని ఒక గడి ఉంటుంది. తేడా వచ్చిన రిపోర్టుల దగ్గర ఆ గడిలో తరచుగా కనిపించేది ఒకటే మాట: ‘రాలేదు’.

ఎవరు రాలేదు? తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది కాబట్టి ఎవరూ ఆ ప్రశ్న వేయరు. పేషెంటు రాలేదా? ల్యాబ్ నుంచి రిపోర్టే రాలేదా? రిపోర్టు వచ్చినా ఆ కబురు ఆమె దాకా రాలేదా? ఆమె వచ్చిన రోజున కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూసే పరీక్ష) చేసే డాక్టరు రాలేదా? నాలుగింటికీ అదే మాట సరిపోతుంది. రాసినవాళ్ళ మనసులో మాత్రం కర్త ఎప్పుడూ పేషెంటే. తప్పు ఆమె మీదకి నెట్టేసి, వరస మూసేసి, పేజీ తిప్పేస్తాం.

నా వాదన సూటిగా చెప్తాను. శాంపిల్ తీసిన నిమిషం నుంచి దాని మీద చివరి పని అయ్యేదాకా ఆ రిపోర్టు తీసినవాళ్ళ బాకీ. ఆ బాకీ తీర్చే ఏర్పాటు లేని చోట స్క్రీనింగ్ పెంచకూడదు, ఉన్నదాన్ని కూడా తగ్గించుకోవాలి. ఈ మాట చాలామందికి రుచించదని తెలుసు. స్క్రీనింగ్ అంటే మంచిపని, ఎంత ఎక్కువైతే అంత మంచిది అనే లెక్కకి అలవాటు పడిపోయాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ క్యాన్సర్ని నిర్మూలించడానికి 2030 నాటికి చేరాల్సిన మూడు అంకెలు పెట్టింది: 90-70-90. పదిహేనేళ్ళు నిండేలోపు నూటికి 90 మంది ఆడపిల్లలకి ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌కి టీకా, 35 ఏళ్ళు వచ్చేలోపు ఒకసారి, 45 వచ్చేలోపు ఇంకోసారి నూటికి 70 మంది మహిళలకి మంచి పరీక్ష, జబ్బు బయటపడినవాళ్ళలో నూటికి 90 మందికి చికిత్స. ఉపన్యాసాల్లో మొదటి రెండే వినిపిస్తాయి. మూడోది చెప్పడం కష్టం, ఎందుకంటే దాన్ని క్యాంపు పెట్టి ఒక్కరోజులో సాధించలేం. కానీ ప్రాణం నిలబెట్టేది అదే. పరీక్ష ఎవరినీ బాగు చెయ్యదు, సంగతి చెప్తుంది అంతే.

లెక్క వేసి చూడండి. ఒక క్యాంపులో 1000 మందికి హెచ్‌పీవీ పరీక్ష చేశారు, అందులో 100 మందికి వైరస్ ఉందని తేలింది అనుకుందాం. కాల్పోస్కోపీ వారానికి ఒకపూట, పూటకి 8 మందికి. అందరినీ చూడాలంటే 13 వారాలు పడుతుంది. ఈలోగా ఇంకో రెండు క్యాంపులు పెడితే క్యూ తొమ్మిది నెలలకి చేరుతుంది. తొమ్మిది నెలల తర్వాత ఫలానా రోజున రమ్మంటే రాని మనిషిని నిర్లక్ష్యం చేసిందనడానికి మనకి నోరెలా వస్తుంది?

ఇంకో లెక్క. తేడా వచ్చిన రిపోర్టు నుంచి చికిత్స ముగిసేదాకా కనీసం నాలుగు మెట్లున్నాయి: రిజల్టు ఆమెకి చేరడం, కాల్పోస్కోపీకి రావడం, బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు చేరడం, చికిత్సకి రావడం. ఒక్కో మెట్టులో నూటికి 80 మంది నిలిచారంటే ఎవరికైనా ఫరవాలేదనిపిస్తుంది. కానీ నాలుగూ దాటేసరికి మిగిలేది 41 మంది. ఏ మెట్టు దగ్గరా పెద్ద తప్పు కనిపించదు, అయినా సగానికి పైగా జారిపోతారు.

ఈ జబ్బు స్వభావం కూడా మనల్ని ఏమరుస్తుంది. హెచ్‌పీవీ సోకినవాళ్ళలో ఎక్కువమందికి రెండేళ్ళలోపు దానంతటదే పోతుంది. నిలిచిపోయినా, అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా ఏళ్ళకేళ్ళు పడుతుంది. అంటే రెండు వారాలు ఆలస్యమైతే కొంప మునగదు, మరిచిపోతే మునుగుతుంది. న్యూజిలాండ్‌లో 1960లు, 70లలో ఒక ఆసుపత్రిలో సీఐఎన్ 3 (క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పుల్లో బాగా ముదిరినది) ఉన్న కొందరు మహిళలకి సరైన చికిత్స ఇవ్వకుండా ఊరికే చూస్తూ కూర్చున్నారు. 1988లో వచ్చిన జడ్జి కార్ట్‌రైట్ విచారణ నివేదిక ఆ సంగతి నిర్ధారించింది. ఆ తర్వాత వాళ్ళ రికార్డులు తిరగేస్తే, చికిత్స సరిగా అందనివాళ్ళలో 30 ఏళ్ళలో నూటికి సుమారు 31 మందికి క్యాన్సర్ వచ్చింది. చికిత్స సరిగా అందినవాళ్ళలో నూటికి ఒక్కరికన్నా తక్కువ. అక్కడ చూస్తూ కూర్చున్నది డాక్టర్లు. మన రిజిస్టరులో వరస మూసేస్తే చూసేవాళ్ళు కూడా ఉండరు.

‘అబ్‌నార్మల్’ అనే ఒక్క మాట కింద చాలా వేరువేరు సంగతులు పడి ఉంటాయి, అందరినీ ఒకే గాట కట్టడం మొదటి పొరపాటు. ‘శాంపిల్ చాలలేదు’ అంటే జబ్బు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు, రెండు నుంచి నాలుగు నెలల్లో మళ్ళీ తీయాలి. ఈ వరసని నార్మల్ కింద వేసేయడం నిత్యం జరిగేదే. హెచ్‌పీవీ ఉండి, స్మియర్‌లో (ముఖద్వారం దగ్గర కణాలు గీకి తీసి చూసే పరీక్షలో) కణాలు బాగానే ఉంటే సాధారణంగా ఏడాదికి మళ్ళీ పరీక్ష, కొన్ని పద్ధతుల్లో రెండేళ్ళకి. అయితే ఆ వైరస్ 16 లేదా 18 రకం అయితే కణాలు బాగున్నా కాల్పోస్కోపీకి పంపే పద్ధతే ఎక్కువ, ఎందుకంటే ఈ క్యాన్సర్లలో నూటికి 70 దాకా ఈ రెండు రకాల వల్లే. స్మియర్ రిపోర్టులో ఏఎస్‌సీ-యూఎస్ అంటే తేడాయో కాదో తేల్చలేకపోయామని అర్థం, దాని దారిని హెచ్‌పీవీ ఫలితం నిర్ణయిస్తుంది. ఎల్‌సిల్ తక్కువ స్థాయి మార్పు, చాలావరకు సర్దుకుంటుంది. హెచ్‌సిల్ (ఎక్కువ స్థాయి మార్పు), ఏఎస్‌సీ-హెచ్ (అది ఉందేమోనన్న అనుమానం) వచ్చాయంటే ఇక ఎదురుచూపులు లేవు, వారాల్లో కాల్పోస్కోపీ జరగాలి. గ్రంథి కణాల్లో తేడా, అంటే ఏజీసీ, అరుదుగా వస్తుంది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఎక్కువ. అందులో కాల్పోస్కోపీతో పాటు ముఖద్వారపు లోపలి కాలువ నుంచి ముక్క తీయాలి, 35 నిండినవాళ్ళకి గర్భసంచి లోపొర నుంచి కూడా తీయాలి. హెచ్ఐవీ ఉన్న మహిళల్లో మార్పులు త్వరగా ముదురుతాయి, వాళ్ళ గడువులు అన్నిచోట్లా తక్కువ.

కలయిక తర్వాత రక్తం కనపడటం, ముట్లు ఆగాక మళ్ళీ రక్తస్రావం, దుర్వాసనతో నీరు పోవడం ఉంటే ఈ పట్టిక ఏదీ చూడనక్కర్లేదు. స్మియర్ నార్మల్ అని వచ్చినా సరే, డాక్టరు వెంటనే కళ్ళతో చూడాలి.

ఫాలోఅప్ రిపోర్టు వచ్చాక మొదలవుతుందనుకుంటాం. కాదు, శాంపిల్ తీసే ముందే మొదలవుతుంది. ఆ బల్ల దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ పెడితే తర్వాత రెండు నెలల వెతుకులాట తప్పుతుంది. ఫోన్ నంబరు రాసుకుని ఊరుకోకండి, అక్కడికక్కడే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి మోగిందో లేదో చూడండి. తప్పు నంబర్లలో చాలా మటుకు ఒక్క అంకె తేడావే. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఏ వేళలో ఆమే ఎత్తుతుంది, వేరేవాళ్ళు ఎత్తితే ‘ఆసుపత్రి నుంచి’ అని చెప్పొచ్చా, మెసేజ్ పెట్టొచ్చా అని ఆమెనే అడిగి రాయండి. ఆమె నమ్మే ఇంకొకరి నంబరు రెండోది. పేరుతో పాటు పుట్టిన తేదీ, శాంపిల్ నంబరు తప్పనిసరి. ఒకే పేరు నాలుగు రకాలుగా రాస్తే ఒకే మనిషి నలుగురవుతుంది, ఆ నలుగురిలో ఎవరికీ ఫోను వెళ్ళదు.

అప్పుడే ఆమెకి చెప్పాల్సిన మాటలు రెండు. కొంతమందిని మళ్ళీ పిలుస్తాం, పిలిచినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం: “ఏమీ లేకపోయినా మేమే చెప్తాం. ఫలానా తేదీకల్లా కబురు రాకపోతే ఈ నంబరుకి మీరే చేయండి.” ఫోను రాకపోతే అంతా బాగున్నట్టే అన్న పద్ధతికి మించిన చెడ్డ పద్ధతి లేదు. శాంపిల్ దారిలో పోయినా, ల్యాబ్‌లో పడి ఉన్నా, నంబరు తప్పినా ఆమెకి వినిపించేది నిశ్శబ్దమే, దాన్ని ఆమె శుభవార్త అనుకుంటుంది.

ఇక ఫోను. మన కష్టం సగం ఇక్కడే ఉంది. ‘పాజిటివ్’ అంటే ఒకరికి మంచి కబురు, ఇంకొకరికి ఏదో అంటువ్యాధి. ‘నెగెటివ్ వచ్చింది’ అంటే కంగారుపడి ఏడ్చేవాళ్ళుంటారు. ‘అబ్‌నార్మల్’ అంటే చాలామందికి క్యాన్సరే. ‘పుండు ఉంది’ అని తేలిక మాటలో చెబుదామనుకుంటే, పుండైతే మందు రాస్తే పోతుంది కదా అనో, గర్భసంచి తీయించేస్తే వదిలిపోతుంది కదా అనో అటు వెళ్ళిపోతారు. గర్భసంచి తీయడం ఈ ముందస్తు మార్పులకి సాధారణంగా మొదటి చికిత్స కాదు. పైగా లోపల అప్పటికే క్యాన్సర్ ఉందో లేదో తేల్చకుండా మామూలు ఆపరేషన్ చేసేస్తే అసలు చికిత్స చెడిపోతుంది. నాకు సరిపోయిందనిపించే మాట ‘తేడా’. వాడుకలో ఉన్నదే, అబద్ధం కాదు, హడలగొట్టదు.

ఆ సంభాషణ ఇలా నడవాలి:

“నమస్తే అమ్మా. మీ పేరూ, పుట్టిన తేదీ ఒకసారి చెప్తారా? ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా, పక్కన ఎవరైనా ఉన్నారా?”

“ఆ, చెప్పండి మేడం.”

“మీ రిపోర్టు వచ్చిందమ్మా. గర్భసంచి మూతి దగ్గర కణాల్లో కొంచెం తేడా ఉందని రాశారు.”

“అంటే క్యాన్సరా మేడం?”

“ఈ రిపోర్టు క్యాన్సర్ అని చెప్పట్లేదమ్మా. ముందు ముందు అలా మారే వీలున్న తేడా ఉందేమో, దగ్గరగా చూడాలి అంటోంది. అలాంటిది ఉంటే ఇప్పుడే తీసేయొచ్చు. అందుకే రమ్మంటున్నాం.”

“నాకేం నొప్పీ లేదు, ఏమీ లేదే?”

“ఈ దశలో ఏమీ తెలియదమ్మా. తెలిసేదాకా ఆగకూడదనే ఈ పరీక్ష పెట్టింది. వచ్చే మంగళవారం పదింటికా, గురువారం రెండింటికా, మీకేది వీలు?”

చివరి వాక్యం గమనించండి. ‘వీలు చూసుకుని ఒకసారి రండి’ అనలేదు. ఆ మాటకి మన వాడుకలో అర్థం ‘రాకపోయినా ఏం కాదు’ అని. తేదీ, వేళ, గది నంబరు ఆ ఫోనులోనే తేలిపోవాలి. ఆ తర్వాత “రావడానికి ఏమైనా అడ్డముందా?” అని అడిగి నోరు మూసుకోవాలి. పిల్లల్ని చూసేవాళ్ళు లేరు, పనికి సెలవు దొరకదు, దారి ఖర్చు, ఇంట్లో చెప్పాలి, మగ డాక్టరైతే రాను. వీటిలో చాలావాటికి వేళ మార్చడమో, తోడు ఏర్పాటు చేయడమో సరిపోతుంది. అడగకపోతే మాత్రం ఇవన్నీ కలిసి ‘రాలేదు’ అవుతాయి. చివర్లో ఆమె చేతే చెప్పించుకోండి: ఎందుకు వస్తోంది, ఎప్పుడు వస్తోంది. అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు.

హెచ్‌పీవీ రిపోర్టయితే ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది, గొంతు తగ్గించి అడుగుతారు: “ఇది నాకెలా వచ్చింది?” తడబడితే మనిషి మళ్ళీ రాదు. జవాబు ముందే సిద్ధంగా ఉండాలి. ఇది కలయిక వల్ల వచ్చే వైరసే, దాచక్కర్లేదు. కానీ లైంగిక జీవితం ఉన్న చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎన్నో ఏళ్ళ కిందటిది ఇప్పుడు బయటపడొచ్చు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. కాబట్టి దాన్నిబట్టి ఎవరి నడవడికనీ తేల్చలేం. ఈ రిజల్టు భర్తకి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, ఫోను ఎత్తిన ఆయనకి మనం చెప్పకూడదు.

ఎత్తకపోతే? ఒకే రోజు ఒకే వేళలో మూడుసార్లు చేసి ‘3 కాల్స్’ అని రాయడం లెక్క కోసం. వేరువేరు రోజుల్లో, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. తర్వాత రెండో నంబరు. తర్వాత ‘మీ పరీక్ష గురించి మాట్లాడాలి, ఈ నంబరుకి చేయండి’ అని జబ్బు పేరు లేని మెసేజ్ లేదా ఉత్తరం. ఆ పైన, ఆమె ముందే ఒప్పుకుని ఉంటే, ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్ళి ఆమెతో మాత్రమే మాట్లాడటం. తక్కువ స్థాయి తేడాకి ఇంతటితో కొన్నాళ్ళు ఆగొచ్చు. హెచ్‌సిల్‌కి ఆగకూడదు.

కాల్పోస్కోపీ అంటే ఏమిటో ముందే చెప్పకపోవడం వల్ల వెనక్కి పోయేవాళ్ళు తక్కువేం కాదు. ఆ పేరు వినగానే ఆపరేషన్ అనుకుంటారు. నిజానికి స్మియర్‌కి పెట్టినట్టే స్పెక్యులమ్ పెట్టి, బయటి నుంచి భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు. 3 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లం అద్దుతారు, వెనిగర్ వాసన వస్తుంది, కాస్త చురుక్కుమంటుంది. ఒక నిమిషం ఆగితే తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. అవసరమైతే బియ్యపు గింజంత ముక్కలు రెండు మూడు తీస్తారు, గిల్లినట్టుంటుంది, పొత్తికడుపులో మెలి తిప్పినట్టు కాసేపు ఉండొచ్చు. అంతా కలిపి 15, 20 నిమిషాలు. రక్తం ఆగడానికి పూసే మోన్సెల్ ద్రావణం వల్ల రెండు మూడు రోజులు నల్లటి పొడిలాంటిది పోతుంది, ఇది చెప్పకపోతే హడలిపోతారు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా వెంటనే ఫోను చేయమనాలి. పిలిచేటప్పుడే అడగాల్సినవి: ముట్టు తేదీ, గర్భం ఉందేమో, రక్తం పలచబడే మందులు, అయోడిన్ పడకపోవడం. గర్భిణులకి కాల్పోస్కోపీ చేయొచ్చు, లోపలి కాలువ గోకడం మాత్రం చేయరు. క్యాన్సర్ అనుమానం లేకపోతే చికిత్స కాన్పయ్యేదాకా ఆగుతుంది. ఇక్కడ జారిపోయేవాళ్ళు ఎందరో! ‘గర్భిణి’ అని రాసి వరస మూసేస్తారు. కాన్పు తేదీ లెక్కకట్టి, దాని తర్వాత కనీసం నాలుగు వారాలు దాటాక ఒక తేదీ అప్పుడే వేయాలి.

మెట్లు తగ్గించడమే అన్నిటికన్నా గట్టి మందు. పరీక్షలో తేడా తేలితే అదే రోజున, లేదా తర్వాత వచ్చిన మొదటిసారే, చికిత్స చేసేసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. థర్మల్ అబ్లేషన్‌లో 100 డిగ్రీల దాకా వేడెక్కిన ప్రోబుని ఒక్కో చోట అర నిమిషం లోపే ఆనిస్తారు. దానికి షరతులున్నాయి: మార్పులు పుట్టే ప్రాంతమంతా కంటికి కనిపించాలి, మచ్చ కాలువలోకి పోకూడదు, క్యాన్సర్ అనుమానం ఉండకూడదు. సరిపడకపోతే తీగతో ఆ భాగాన్ని కోసి తీసే ఎల్‌ఎల్‌ఈటీజెడ్. ఈ పద్ధతిలో కొందరికి అక్కర్లేని చికిత్స జరుగుతుందనే అభ్యంతరం నిజమే. లోతుగా కోస్తే తర్వాతి కాన్పుల్లో నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్ళకి, తక్కువ స్థాయి తేడాలకి నేనూ తొందర వద్దంటాను. కానీ మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేని చోట, 40 ఏళ్ళ మనిషికి, షరతులన్నీ సరిపోయినప్పుడు, ‘బయాప్సీ రిపోర్టు వచ్చాక చూద్దాం’ అనడం జాగ్రత్తలా కనిపించే నిర్లక్ష్యం.

రిజిస్టరు సంగతికి వస్తాను. కంప్యూటరా, కాగితమా అన్నది పెద్ద విషయం కాదు. తెరిచి ఉన్న ప్రతి వరసలో మూడు గడులు ఎప్పుడూ నిండి ఉండాలి: తర్వాతి పని ఏమిటి, ఏ తేదీలోగా, ఎవరు చేస్తారు. ‘ఎవరు’ దగ్గర ‘స్టాఫ్’ అని కాకుండా ఒక మనిషి పేరు, ఆమె సెలవు పెడితే ఇంకొకరి పేరు. వారంలో ఒక రోజు, ఒకే వేళలో, అరగంట కూర్చుని గడువు దాటిన వరసలన్నీ పైకి చదవాలి. ల్యాబ్‌కి పంపిన శాంపిళ్ళ సంఖ్య, వచ్చిన రిపోర్టుల సంఖ్య సరిపోయాయో కూడా అప్పుడే చూడాలి, రాని రిపోర్టు ఏ జాబితాలోనూ కనిపించదు కనుక. ఎక్సెల్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఒక్క కాలమ్ మాత్రమే ఎంచుకుని సార్ట్ చేస్తే పేర్లు ఒకచోట, రిజల్టులు ఇంకొకచోట అయిపోతాయి. ఆ ఫైలు పైకి చక్కగానే కనిపిస్తుంది.

వరస మూయడానికి ఒప్పుకోదగ్గ కారణాలు కొన్నే. చికిత్స, తర్వాతి పరీక్షలు పూర్తయ్యాయి. లేదా వేరేచోట చూపించుకుంది, చూసినట్టు అక్కడి నుంచి మనకి కాగితం అందింది. ‘రిఫర్ చేశాం’ అన్నది చాలదు. లేదా డాక్టరుతో మాట్లాడి, పర్యవసానం తెలిసి, వద్దంది. అది ఆమె హక్కు, ఏం చెప్పామో రాసి ఉంచి, ఆరు నెలలకి ఇంకోసారి అడగొచ్చా అని అప్పుడే అనుమతి తీసుకోవాలి. లేదా చనిపోయింది. ‘రాలేదు’ ఈ జాబితాలో లేదు.

కాల్పోస్కోపీలో ఏమీ కనిపించకపోతే కూడా వరస మూతపడదు. స్మియర్‌లో హెచ్‌సిల్ ఉండి, కాల్పోస్కోపీ బాగానే ఉందంటే రెండింటిలో ఒకటి తప్పి ఉండొచ్చు, స్లైడు మళ్ళీ చూడాలి. చికిత్స తర్వాత కథ ఇంకా పొడుగు. సీఐఎన్ 2, 3కి చికిత్స అయితే ఆరు నెలలకి హెచ్‌పీవీ పరీక్ష, తర్వాత ఏటా చేస్తూ వరసగా మూడు బాగా రావాలి. ఆ పైన మూడేళ్ళకోసారి, కనీసం 25 ఏళ్ళపాటు చేయించాలని అమెరికాలోని 2019 మార్గదర్శకాలు చెప్తాయి. గర్భసంచి తీసేసినా, అది ఈ మార్పుల కోసమే తీసి ఉంటే, యోనిలో పరీక్ష కొనసాగాల్సిందే.

25 ఏళ్ళు ఏ ఆసుపత్రి రిజిస్టరూ ఒకేచోట ఉండదు, ఏ సిస్టరూ అదే బల్ల దగ్గర ఉండదు. అందుకని ఆమె చేతికి ఒక కార్డు ఇవ్వాలి, అట్ట గట్టిది, ఆమె చదవగలిగే భాషలో. ఏ తేదీన ఏ పరీక్ష జరిగింది, ఏం తేలింది, ఏ చికిత్స చేశారు, కోసి తీసిన ముక్క అంచుల్లో మార్పులేమైనా మిగిలాయా, తర్వాతి పరీక్ష ఏది, ఏ నెలలో. ఇంట్లోవాళ్ళ కంట పడకూడదంటే పైన జబ్బు పేరు వేయకండి, లోపల రాయండి. ఆఖరి గీత కింద ఖాళీ గడులు కనీసం పది ఉంచండి.